ఫువాటినో వదిన సంతకం

మా వదిన ఫువాటినో ఎవరి మాటా నమ్మదు. ఏదైనా తాను చేసి చూడాల్సిందే. అబద్ధాలకోరుల్ని నమ్మకపోవడంలో వింతేమీ లేదు, అది లోకమంతా చేసే పనే. మా వదిన నిజం చెప్పేవాళ్ళని కూడా నమ్మదు. నిప్పు కాలుతుందని పదిమంది చెబితే, ఆ పదిమందీ ముందే కూడబలుక్కుని వచ్చారేమోనని ఆవిడ అనుమానం. "చేసి చూస్తే పోలా?" అంటుంది. అన్నాక చూస్తుంది. చూశాక వేలికి కొబ్బరినూనె రాసుకుంటుంది.

పెళ్ళికి ముందు మా అన్నయ్య టవిటా, ఆ వయసు కుర్రాళ్ళందరిలాగే, ఒక గొప్ప మాట అనేశాడు. నీకోసం సముద్రమైనా ఈదేస్తానన్నాడు. ఇంకో పిల్లయితే సిగ్గుపడి తల వంచుకునేది. వదిన అతని చెయ్యి పట్టుకుని పగడపు దిబ్బల చివరిదాకా నడిపించుకెళ్ళి, సరే దిగమంది. అన్నయ్య దిగాడు. దిగినవాడు దిగినట్టే మునిగాడు. వదినే దూకి జుట్టు పట్టుకుని ఒడ్డుకి లాక్కొచ్చింది. ఉప్పునీళ్ళు కక్కుతున్నవాణ్ణి చూసి, "నీకు ఈత రాదు. అయినా దిగమంటే దిగావు" అని, ఆ ఆదివారమే పెళ్ళికి ఒప్పుకుంది. అప్పటినుంచి అన్నయ్య గొప్పలు చెప్పడం మానేశాడు. నెమ్మదిగా మిగతా మాటలు కూడా తగ్గించేశాడు.

నేను బస్సు నడుపుతాను. మా దీవిలో లెయోనే ఊరి నుంచి పాగో పాగో బజారు దాకా, సముద్రం పక్కగా. ఒకసారి బ్రేకులు బాగు చేయించానని ఆవిడ దగ్గర నోరు జారాను. బస్సుని చర్చి పక్క ఏటవాలు మీద పెట్టమని, తాను కింద రోడ్డు మధ్యలో చేతులు కట్టుకుని నిలబడింది. "రా సెఫో, వచ్చి నా ముందు ఆపు" అంది. నేను తాళం తీసి జేబులో వేసుకున్నాను. "నీకే నమ్మకం లేని బస్సులో జనాన్నెలా ఎక్కిస్తావ్?" అని అడిగింది. మర్నాడు మళ్ళీ మెకానిక్కు దగ్గరికి పోయాను. చక్రం విప్పి చూసి వాడు నా డబ్బులు తిరిగిచ్చేశాడు.

పాస్టరుగారికి కూడా మినహాయింపు లేదు. ఉపవాసముంటే మనసు శాంతిస్తుందని ఆయన ప్రసంగంలో చెబితే, వారం తిరక్కుండా చర్చిలోనే లేచి నిలబడి, ఉండి చూశాననీ, మధ్యాహ్నానికే పక్కింటావిడ పందిని రాయిచ్చుకు కొట్టాననీ, కాబట్టి ఆ వాక్యం ఇంకోసారి చూసుకోవాలనీ మనవి చేసింది.

ఇలాంటి మనిషి ఇంటికి, ఒకరోజు, సైన్యంలోకి పిల్లల్ని చేర్చుకునే సార్జెంటు వచ్చాడు.

మా దీవిలో సైన్యం కొత్త కాదు. ఏ ఇంటికెళ్ళినా ఏసుప్రభువు పటం పక్కన యూనిఫారంలో నవ్వుతున్న పటం ఒకటి ఉంటుంది. కొన్ని పటాలకి గవ్వల దండ వేలాడుతుంది. మా ఇంట్లో మాత్రం యూనిఫారం పటం లేదు. మా పక్కింట్లో ఉంది, దండతో సహా. మా అన్నయ్య కూతురు పెనీనా ఆ పటం చూస్తూ పెరిగిన పిల్లే. అయినా హైస్కూలు అయిపోగానే సైన్యంలో చేరతానంది. పరీక్ష రాసింది, పాసైంది. ఆ ఆదివారం చర్చిలో దాని పేరు చదివారు, జనం లేచి చప్పట్లు కొట్టారు, బృందగానంలో మగాళ్ళు ఒక పాట ఎక్కువ పాడారు. ఇక మిగిలింది ఒక్కటే. పిల్లకి పద్దెనిమిది నిండలేదు గనక తల్లీ తండ్రీ ఇద్దరూ సంతకం పెట్టాలి.

సార్జెంటు పేరు సియాకి. పుట్టింది ఇక్కడే అయినా పెరిగింది కాలిఫోర్నియాలో. గుండ్రటి ముఖం, బండరాయిలాంటి భుజాలు. మన భాష వచ్చుగానీ మర్యాద మాటలు తారుమారవుతాయి. మా ఇంటి పెద్ద ఆసో మామయ్యని "దయచేయండి" అనబోయి "తోలుకురండి" అన్నాడు. ఆయన పెద్దమనసుతో తనను తానే తోలుకొచ్చి కూర్చున్నాడు.

సియాకి చాపమీద మఠం వేసుకుని అరిగిపోయిన రికార్డులా చెప్పుకుపోయాడు. చదువు చెప్పిస్తారు, లోకం చూపిస్తారు, పిల్లని కంటికి రెప్పలా చూసుకుంటారు. కాళ్ళు తిమ్మిరెక్కి ముఖం రంగులు మారుతున్నా మాట ఆపలేదు. వదిన పక్కన కూర్చుని, అతని ముందు పెట్టిన చేమదుంపల మీద ఈగలు వాలకుండా విసనకర్ర ఊపుతూ వింది. మా అన్నయ్య అప్పటికే సంతకం పెట్టి కలం తీసిన చోట పెట్టేశాడు. వదిన విసనకర్ర ఆపింది.

"ఆ శిక్షణ కష్టమా, నాయనా?"

"అబ్బే. కాస్త పట్టుదల ఉంటే ఎవరైనా చేసేస్తారమ్మా."

"ఎవరైనానా?"

"ఎవరైనా."

అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు. పెనీనా, "అమ్మా, వద్దు" అంది. నేను చెప్పులు వెతుక్కున్నాను.

"అయితే చేసి చూస్తే పోలా?" అంది వదిన.

మర్నాడు పొద్దున హైస్కూలు మైదానంలో, సైనిక శిక్షణ శిబిరానికి వెళ్ళబోయే పిల్లల వరసలో, నడుముకి చుట్టుకునే లావాలావా గుడ్డని మోకాళ్ళపైకి బిగించి కట్టుకుని మా వదిన కూడా నిలబడింది. ఇది పిల్లలకోసమమ్మా అని సియాకి బతిమాలితే, ఎవరైనా అన్నావు, నేను ఎవరైనా కానా అని అడిగింది. మా దీవిలో ఒక తల్లిని పొమ్మనే మగాడు ఇంకా పుట్టలేదు. పుట్టినా వాడికి సార్జెంటు ఉద్యోగం ఇవ్వరు.

దండీలు తీయమన్నారు. వదిన ఒకటి తీసింది. రెండోదానికి కిందికి వెళ్ళి, అక్కడ హాయిగా ఉందని ఆగిపోయింది. తర్వాత పరుగు. పిల్లలంతా బాణాల్లా పోతే, వెనకాల ఆవిడ ఊరేగింపులా వచ్చింది. దారిలో కనిపించిన ప్రతివాళ్ళనీ పలకరించింది. ఒకచోట ఆగి సీమపనసకాయ బేరం చేసింది. నా బస్సు ఆవిణ్ణి దాటినప్పుడల్లా లోపలివాళ్ళు కిటికీల్లోంచి చేతులూపి పాటలు కట్టారు. రోజూ ఇదే తంతు. ఊరంతా ఆ వేళకి రోడ్డు పక్కన చేరడం మొదలుపెట్టింది. పెనీనాకి తల కొట్టేసినట్టయింది.

"బాబాయ్, నువ్వైనా చెప్పు. నా ఫ్రెండ్స్ ముందు పరువు పోతోంది" అంది నా దగ్గరికొచ్చి.

నేను చెప్పాను. చెబితే వదిన, నువ్వు పరిగెత్తి చూశావా అని అడిగింది. నేను మళ్ళీ ఆ విషయం ఎత్తలేదు.

తర్వాత తిండి. సైనికులు తినే ప్యాకెట్ భోజనం ఎలా ఉంటుందో చూడాలని సియాకి దగ్గర ఒక పెట్టె తెప్పించి, ఆదివారం ప్రార్థన తర్వాత పెద్దల భోజనంలో వడ్డించేసింది. ఒకపక్క రాళ్ళ పొయ్యిలోంచి తీసిన పంది, కొబ్బరిపాలలో ఉడికిన ఆకుకూర ఘుమఘుమలాడుతుంటే, పాస్టరుగారి ముందూ ఆసో మామయ్య ముందూ గోధుమరంగు ప్యాకెట్లు. పాస్టరుగారు ప్రార్థన చేసి, ఒక ముద్ద తిని, మళ్ళీ ప్రార్థన చేశారు. సియాకి మాత్రం తన ప్యాకెట్టు నాకేసి, చలిలో పొద్దంతా పరిగెత్తి వచ్చాక ఇది అమృతంలా ఉంటుందన్నాడు.

అది అతను చేసిన పొరపాటు.

"చలా?" అంది వదిన. "ఎంత చలి?"

శిబిరం మిస్సోరీలో. పిల్ల చేరేది అక్కడి చలికాలంలో. మా దీవిలో చలంటే వానలో తడిసినప్పుడు ముక్కు చీదడమే. వదిన పనిచేసేది చేపల డబ్బాల ఫ్యాక్టరీలో. మర్నాడు అక్కడ చేపల్ని గడ్డకట్టించే గదిలోకి, అదే లావాలావాతో, వెళ్ళి కూర్చుంది. లోపల మనిషి ఉన్నట్టు మేనేజరుకి తెలిసేసరికి గొడవైంది. బయటికి తెచ్చేసరికి ఆవిడ కనుబొమలు తెల్లబడ్డాయి, నోరు బిగుసుకుపోయింది. పెళ్ళయ్యాక మొదటిసారి వదిన మాట్లాడలేకపోవడం చూసి మా అన్నయ్య ఆ పక్కనే ఒక బల్లమీద కూర్చుని, ఏ తొందరా లేకుండా, వాతావరణం గురించీ వంట గురించీ తన అభిప్రాయాలన్నీ చెప్పుకున్నాడు. కరిగాక ఆవిడ అన్న మొదటి మాట, పిల్లకి మేజోళ్ళు చాలవని.

ఇంతలో ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. అందరూ సంతకాలు పెట్టారు, ఈవిడకేం వచ్చిందని. ఆసో మామయ్య స్వయంగా వచ్చాడు. ఇంటి పెద్ద మాట మా దగ్గర మాట కాదు, శాసనం. ఆయన కర్ర పక్కన పెట్టుకుని, చర్చిలో చప్పట్లు కొట్టించుకున్నాక వెనకాడితే ఇంటిపేరు నవ్వులపాలవుతుందని, రేపటికల్లా సంతకం అయిపోవాలని చెప్పాడు. మా అన్నయ్య చూపులు చాపలోకి దిగిపోయాయి.

వదిన ఆయనకి కోకో పోసిచ్చి, ఎదురుగా కూర్చుంది.

"మామయ్యా, మీరు సైన్యానికి వెళ్ళారా?"

"లేదు."

"మీ కొడుకులు?"

"లేదు."

"అయితే నవ్వులపాలయ్యే పని నేను చూసుకుంటాను. దానికి నాకు అలవాటుంది. ఇంటిపేరుకి తగలనివ్వను, అంతా నా ఒక్కదాని పేరుకే వచ్చేట్టు చూస్తాను. కోకో చల్లారిపోతోంది, తాగండి."

ఆయన తాగాడు. శాసనం అక్కడే ఆగిపోయింది.

మిగిలింది అరుపులు. శిబిరంలో పిల్లల మీద అరుస్తారని వదిన ఎక్కడో వింది. ఆ సాయంత్రం సియాకి రాగానే పెరట్లో నిటారుగా నిలబడి, నా మీద అరిచి చూపించు అంది. సియాకి చుట్టూ చూశాడు. అన్నయ్య, నేను, పెనీనా, ఇరుగుపొరుగు, కోళ్ళు. అతను ఛాతీ నింపుకున్నాడు, నోరు తెరిచాడు, మూశాడు. మళ్ళీ తెరిచి, "అమ్మా, దయచేసి... కాస్త నేలమీద పడుకుంటారా?" అన్నాడు.

"ఇదా అరవడం?"

"పెద్దవాళ్ళ మీద నాకు గొంతు రాదమ్మా. మా అమ్మ చంపేస్తుంది."

"చూడు, నేను నేర్పిస్తాను" అని వదిన మొదలుపెట్టింది. ఆ అరుపు నేను వర్ణించలేను. కోళ్ళు చెట్టెక్కాయి. పక్కింటి తాత చర్చి గంట కొట్టారనుకుని టోపీ పెట్టుకున్నాడు. సియాకి, యుద్ధాలు చూసినవాడు, చేతులు రెండూ తొడలకి ఆనించి, గడ్డం పైకెత్తి, కొయ్యబారి నిలబడిపోయాడు. అరిచింది ఏమిటంటే, భోజనం చేసి వెళ్ళమని.

భోజనాలయ్యాక వదిన మామూలు గొంతుతో అడిగింది. "అన్నీ చేసి చూశాను నాయనా. పరుగు చూశాను, తిండి చూశాను, చలి చూశాను. ఒకటి మిగిలింది. యుద్ధం ఎలా చేసి చూడాలి?"

సియాకి చేతిలో గ్లాసు కింద పెట్టాడు.

"అది చేసి చూడటానికి ఉండదమ్మా."

"నువ్వు చూశావు కదా."

"చూశాను."

"భయం వేసిందా?"

అతని నాలుక చివర ఏదో తయారుగా ఉన్న మాట ఉంది, నాకు కనిపించింది. దాన్ని మింగేశాడు. "చాలా వేసింది. ఇప్పటికీ కొన్నిసార్లు వేస్తుంది. మా అమ్మకి చెప్పలేదు. ఆవిడ అడగలేదు."

వదిన విసనకర్ర తీసుకుని, ఈగలేమీ లేకపోయినా, అతనికి విసరడం మొదలుపెట్టింది. ఇన్నాళ్ళకి ఈ మనిషి ఒక నిజం చెప్పాడని మా అన్నయ్యతో అంది. అయినా సంతకం పెట్టలేదు.

పెనీనా అప్పటిదాకా గుంజకి ఆనుకుని నిలబడి ఉంది. అక్కడే పేలింది. "ఇంకేం చూడాలమ్మా నీకు? నాకు పద్దెనిమిది నిండితే నీ సంతకం అక్కర్లేదు, తెలుసా?"

"తెలుసు. అప్పటిదాకా అక్కరే కదా."

"నాకు భయం లేదు. ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఎన్నిసార్లు చెప్పినా నమ్మను."

పిల్ల తల్లిని చూసింది. సియాకిని చూసింది. అంత పెద్ద మనిషి తలదించుకుని ఖాళీ గ్లాసు తిప్పుకుంటున్నాడు. పెనీనా వచ్చి చాపమీద, వదిన మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుంది.

"భయం ఉంది" అంది చివరికి. "పక్కింటి పటం చూసినప్పుడల్లా వేస్తుంది. మీ అందరికీ దూరంగా ఉండాలంటే వేస్తుంది. అయినా నేను వెళ్తానమ్మా. నాకు వెళ్ళాలనుంది. చప్పట్లకోసం కాదు."

వదిన కలం అడిగింది. అన్నయ్య రెండు కలాలు తెచ్చాడు. ఆవిడ సంతకం పెట్టి, కలం మూత పెట్టి, పిల్ల తలమీద చెయ్యి వేసి, ఉన్న మేజోళ్ళు చాలవు అని ఇంకోసారి చెప్పింది.

తర్వాత ఒకరోజు బస్సులో నా వెనక సీట్లో వదిన కూర్చున్నప్పుడు అడిగాను. ఎలాగూ పెట్టే సంతకానికి ఇన్ని వేషాలెందుకు వదినా, ఊరంతా నవ్వింది అని. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ జవాబిచ్చింది.

"నవ్వాలనే కదా. చర్చిలో లేచి చప్పట్లు కొట్టేశారు సెఫో. అంత మోత అయ్యాక పిల్లకి వద్దనిపిస్తే ఏ మొహం పెట్టుకుని చెబుతుంది? పిరికిది అంటారు. అదే తల్లి పిచ్చిదనుకో. మా పిచ్చి అమ్మ సంతకం పెట్టలేదు, నేనేం చెయ్యను అని ఏడ్చినట్టు నటించి ఇంట్లో కూర్చోవచ్చు. అందరూ దాన్ని చూసి జాలిపడతారు, నన్ను తిడతారు. దానికి బయటికి రావడానికి ఒక తలుపు ఉండాలి కదా. నేను తలుపు తీసి పట్టుకున్నానంతే. వెళ్ళనంటే తీసే ఉంచేదాన్ని. వెళ్తానంది, వేసేశాను."

"మరి చలి గదిలో కూర్చోవడం?"

"అది నిజంగానే తెలుసుకోవాలనిపించింది."

పెనీనా వెళ్ళింది. విమానాశ్రయంలో దాని మెడలో పూలదండలు ముక్కుదాకా వచ్చాయి, వాటి పైన రెండు కళ్ళూ కింద రెండు కాళ్ళూ మాత్రమే కనిపించాయి. శిబిరం నుంచి మొదటిసారి ఫోను చేసినప్పుడు బాగానే ఉన్నానని, అక్కడి అరుపులు వింటుంటే ఇంట్లో ఉన్నట్టే ఉందని చెప్పింది. వదినకి ఆ మాట ఎంత నచ్చిందంటే బజారంతా చెప్పుకుని తిరిగింది.

ఆ తర్వాతి ఏడు సియాకికి ఒక చిక్కు వచ్చిపడింది. ఊళ్ళో మికాయేలే అని ఒక పిల్లాడు. పరీక్ష పాసయ్యాడు, తల్లీ తండ్రీ ఆనందంగా సంతకాలు పెట్టారు, చర్చిలో చప్పట్లు కూడా అయ్యాయి. ఇక బయల్దేరడమే తరువాయి అనగా వాడు సియాకి దగ్గరికి వచ్చి, మా ఫువాటినో అత్త ఇంకా ఒప్పుకోలేదు సార్, ఆవిడ మళ్ళీ మొదటినుంచీ చేసి చూడాలంటోంది అని చెప్పాడు. సియాకి తిన్నగా మా ఇంటికి వచ్చాడు. ఈసారి మఠం వేసుకోలేదు, గోడవారగా కాళ్ళు పక్కకి మడిచి కూర్చున్నాడు. నేర్చుకున్నాడు.

"మికాయేలే మీకేమవుతాడమ్మా?"

"వాడి ముత్తాతా మా అమ్మ తాతా ఒకే పడవలో చేపలు పట్టారు."

"అంటే చుట్టం."

"దగ్గరి చుట్టం."

"సరే. అయితే ఎప్పుడు చేసి చూస్తారు?"

"మోకాళ్ళు నొప్పులు నాయనా. కొబ్బరి కోతల కాలం వచ్చేదాకా ఆగు."

సియాకి కోకో ఊదుకుంటూ ఆలోచించాడు. "కొబ్బరికి కాలమేముందమ్మా? ఏడాదంతా కాస్తూనే ఉంటుంది కదా."

"అవునా?" అంది వదిన. "అయితే అది ఆగేదాకా ఆగు."

సియాకి ఆవిణ్ణి చూశాడు. అప్పటికి అతనికి మా భాషలో మర్యాద మాటలు బాగానే పట్టుబడ్డాయి. తల వంచి, అమ్మగారి ఆరోగ్యం కుదుటపడాలని కోరుకుంటున్నానన్నాడు. మికాయేలే కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, ఇంకో గ్లాసు పోయమని అడిగాడు.